వివరాలకు సంప్రదించండి

“ఇది చెప్పుల కంపెనీ ప్రెస్ నోటా, కూరగాయల బండా?”

మేనేజరు కాగితం బల్లమీద పడేశాడు. కొత్తగా చేరిన ట్రైనీ అమ్మాయి తల దించుకుందే గాని కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు. కంపెనీల వార్తలు రాసి పేపర్లకిచ్చే ఆ పి.ఆర్. ఆఫీసులో ఆమె సొంతంగా రాసిన మొట్టమొదటి నోట్ అది. ఇది గట్టెక్కితే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటిదారే.

చిన్నపిల్లల బూట్లూ చెప్పులూ అమ్మే కొత్త షాపు గురించి ఆమె రాసినదాంట్లో మేనేజరు ఒక్క అక్షరం దిద్దలేదు. ఆయనకు గుచ్చుకున్నదల్లా చివరి లైనే. ‘వివరాలకు సంప్రదించండి’ అన్నచోట ఆఫీసు నంబరుకి బదులు తన సెల్ నంబరు వేసి, పక్కనే ‘బుడంకాయ’ అని రాసింది.

“ఎవరమ్మా ఈ బుడంకాయ?”

“నేనే సార్.”

అవతలి గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“ముద్దుపేర్లు ఇంట్లో పెట్టుకో. పరువుగా అసలు పేరు రాయి.”

“అసలు పేరు తర్వాతెప్పుడో పెట్టారు సార్. ఆ మనిషికి అది తెలీదు.”

“ఏ మనిషికి?”

అమ్మాయి చున్నీ కొస వేలికి చుట్టుకుంది. “నన్నలా పిలిచిన మనిషికి. నాకు మాటలు కూడా రాని రోజుల్లోనే ఇల్లు విడిచి వెళ్ళిపోయారు.”

మేనేజరు గొంతు ఒక మెట్టు దిగింది. “దానికి ‘కనబడుట లేదు’ అని ప్రకటన ఇచ్చుకోవచ్చుగా!”

“తప్పిపోలేదు సార్, కావాలనే వెళ్ళారు. వెతుకుతున్నామంటే ఇంకాస్త దూరం పోతారు. నేనిక్కడున్నానని తెలిస్తే చాలు, పలకాలో వద్దో వాళ్ళిష్టం. ఏ పనిలో చేరితే నా నంబరు ఊరూరా అచ్చవుతుందా అని వెతుక్కుని మరీ ఈ ఉద్యోగానికొచ్చాను.”

“అందరూ పదిమందితో మాట్లాడాలని ఈ పనిలోకొస్తారు. నువ్వు ఒక్కరి కోసం వచ్చావా తల్లీ!” మేనేజరు కాసేపు నుదురు రుద్దుకున్నాడు. “సరే, ఈ ఒక్కసారికి కానీ. జాగా చాలకపోతే పేపరువాళ్ళు ముందు కత్తెరేసేది ఆ చివరి లైనుకే. అది నువ్వే చూసుకో. కంపెనీవాళ్ళు ఒక్క మాటన్నారా, నేను నీకు తెలీదు, నువ్వు నాకు తెలీదు.”

ఆ పూటంతా పేపరాఫీసుల మెట్లెక్కి దిగింది. కనబడ్డవాళ్ళకల్లా నవ్వు అరువిచ్చి, గడ్డాలు పట్టుకోవడమొక్కటే తక్కువగా బతిమాలింది. అందరూ చూద్దాంలే అన్నారు. తెల్లారి చూస్తే ఒకే ఒక్క పేపర్లో ఆ లైను మిగిలింది.

పొద్దెక్కకముందే ఫోన్ మోగింది. మొదటి మోతకే ఎత్తి, “హలో” అంది.

“బుడంకాయలు కిలో ఎంతమ్మా?”

ఆ తర్వాతివాడు ఇంటికి తెచ్చిస్తారా అనడిగాడు. ఇంకొకడు పేరు పలికి, నవ్వి పెట్టేశాడు. మోగిన ప్రతిసారీ ఆశే, ఎత్తిన ప్రతిసారీ పరాయి గొంతే. అయినా ఎవర్నీ ఊరికే వదల్లేదు. “బుడంకాయలు లేవండీ, బుజ్జి బూట్లున్నాయి” అని అందర్నీ షాపు దారి పట్టించింది. మధ్యాహ్నానికల్లా కంపెనీవాళ్ళే ఫోన్ చేశారు. షాపులో ఇసకేస్తే రాలనంత జనం.

మేనేజరు బల్ల చరిచి, “ఉద్యోగం ఖాయమమ్మా! రేపట్నుంచి మాత్రం ఆఫీసు నంబరు, అసలు పేరు. వేళాకోళం ఒకసారే పండుతుంది” అన్నాడు.

థాంక్స్ చెప్పింది గాని ఆమె మనసు మనసులో లేదు. ఉద్యోగం దేనికోసం కావాలనుకుందో అది రాకుండా ఉద్యోగమొక్కటే వచ్చింది. బతికున్నారో లేదో, పేపరు చదువుతారో లేదో. ఆ ఒక్క గొంతు వినాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

దీపాలు వేసే వేళకి మళ్ళీ ఫోన్. మళ్ళీ ఎవరో ఆడమనిషే. వేళాకోళానికి చేసినవాళ్ళు పోగా, చెప్పుల కోసం పొద్దుట్నుంచీ చేసినవాళ్ళంతా ఆడవాళ్ళే.

“పేపర్లో చూశానండీ. ఆ చెప్పులు... కరవవు కదా?”

“కరవవండీ. లోపల మెత్తటి గుడ్డ వేశారు.”

“పరిగెత్తితే జారిపోతాయేమో?”

“వెనక పట్టీ ఉందండీ.”

“వానలో తడిస్తే?”

ఇన్ని ప్రశ్నలు ఎవరూ వేయలేదు. మేనేజరు సంచీ భుజాన వేసుకుని, ఇక చాలించమని గుమ్మంలోంచి సైగ చేస్తున్నాడు. అమ్మాయికి మాత్రం విసుగు రాలేదు, అసూయ కలిగింది. ఆ చెప్పులు తొడుక్కోబోయే పిల్లెవరో గాని పెట్టి పుట్టింది అనుకుంది.

“పాప కోసమాండీ? ఏం సైజు కావాలి?”

లైను కట్టయిందేమోనని మళ్ళీ హలో అంది.

“తెలీదు. నేను చూసినప్పుడు నా అరచేతిలో ఇమిడేది... ఇప్పుడు నీ పాదం ఎంతయిందో నువ్వే చెప్పాలి తల్లీ.”