రెండో పరీక్ష

"స్వైన్ ఫీవర్ అని తేలాక ఇంకా పరీక్షలేంటి? పందులన్నిటినీ చంపేయాల్సిందేగా," ల్యాబ్ గుమ్మంలోనే నీరుగారిపోయాడు బావ.

"మొదటి పరీక్షకి దగ్గరి చుట్టాల్లాంటి వైరస్‌లన్నీ ఒకేలా కనిపిస్తాయి బావా. రెండోది వాటిని విడదీస్తుంది. ఫలితం ఇప్పుడే వస్తోంది," అంది మరదలు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

"మీ నాన్న ఇచ్చిన ఆడపందే తెచ్చింది ఈ రోగం. అందుకే మీ అక్కతో మాటలు మానేశాను."

"ఫలితం వచ్చేసింది. ఇది స్వైన్ ఫీవర్ కాదు, ఆవుల్లో ఉండే వైరస్. ఒక్క పందినీ చంపనక్కర్లేదు. వాటి పక్కన దూడనేమైనా కట్టారా?"

బావ కుర్చీలో కూలబడ్డాడు. చలికి వణుకుతోందని తన ముద్దుల దూడని పందుల కొట్టంలో కట్టింది తనే.

"ప్రాణం లేచొచ్చిందమ్మా. మీ అక్కకి నువ్వే ఫోన్ చేసి చెప్పు."

"పందుల సంగతి చెప్తాను," రిపోర్టు మీద సంతకం పెడుతూ అంది. "దూడ సంగతి మీరే చెప్పుకోండి."