తల దువ్వే అవ్వ

"నాకు యాది లేదు."

భద్రాచలం పిల్లల ఆశ్రమంలో ఎనిమిదేళ్ల లాలి ఎప్పుడు అడిగినా ఆ ఒక్క మాటే అంటోంది. సర్కారు వకీలు నిర్మలాదేవి తల పట్టుకుంది.

హాస్టల్ వార్డెన్ సుకుమార్, హేమ్లా అనే పిల్లాణ్ణి చెయ్యి విరిగేలా కొట్టి జైల్లో పడ్డాడు. భయపడిన తల్లిదండ్రులు వాణ్ణి తీసుకుని అడవిలోకి వెళ్లిపోయారు. చూసినది ఇక ఆ హాస్టల్లోనే ఉండిన లాలి ఒక్కతే. ఈ పిల్ల నోరు విప్పకపోతే ఆ మహానుభావుడు దర్జాగా అదే హాస్టల్‌కి తిరిగొస్తాడు.

బిస్కెట్లు పెట్టి అడిగింది. బుజ్జగించి అడిగింది. చివరికి కసిరి కూడా అడిగింది.

తల్లి లేని పిల్ల, ఇంటింటికీ మారి పెరిగింది. పెద్దవాళ్లెవరు దగ్గరికి తీసినా బిగుసుకుపోయేది.

ఒకరోజు నిర్మలాదేవి వెళ్లేసరికి వరండాలో ఎవరో ముసలామె లాలికి తల దువ్వుతోంది. పిల్ల ఆమె మోకాళ్ల మధ్య కునుకు తీస్తోంది!

"ఎవరమ్మా నువ్వు?"

"మరియమ్మను మేడం. వైరా నుంచి వచ్చిన. పిల్లలకు తల దువ్విపోత."

"సాక్షికి మాటలు నేర్పుతున్నవా ఏంది?"

"అన్నం తిన్నవా అని తప్ప ఏమీ అడగలే మేడం."

"మళ్లా గేటు దాటి వచ్చినవంటే పోలీసులకు చెప్త!"

ముసలామె లేచి గేటు బయటికి వెళ్లింది. ఆ పూట నుంచి లాలి అన్నం ముట్టలేదు. గేటు బయటే కూర్చున్న మరియమ్మను నిర్మలాదేవే దిగివచ్చి లోపలికి పిలవాల్సి వచ్చింది.

విచారణ రోజు లాలి ఒకటే పట్టు పట్టింది. "అవ్వ వస్తేనే చెప్త."

జడ్జి ఒప్పుకుని, ముద్దాయికి కనబడకుండా తెర కట్టించాడు.

మరియమ్మ చెయ్యి పట్టుకుని లాలి చెప్పింది. "నేను బియ్యం బస్తాల ఎనక ఉన్న. సార్ బెల్టుతోని కొట్టిండు. అది తెగితే కట్టె తీసిండు. హేమ్లా అమ్మా అమ్మా అని ఏడ్చిండు. ఆని చెయ్యి పటుక్కుమన్నది."

అవతలి వకీలు ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా పిల్ల తడబడలేదు. మరియమ్మ మాత్రం తల వంచుకుంది.

నిర్మలాదేవికి కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ పిల్లకు కావలసింది ప్రశ్నలు కాదు, పట్టుకోవడానికి ఒక చెయ్యి. అలాంటి మనిషిని పట్టుకుని ఎంత మాట అనేసింది! క్షమించమని అడుగుదామని పరుగున బయటికి వచ్చింది.

"సమ్మయ్యా, ఆ ముసలామె ఏదీ?" అని ముద్దాయికి కాపలా వచ్చిన కానిస్టేబుల్‌ని అడిగింది.

"ఇప్పుడే బస్సెక్కింది మేడం. ఏడ్సుకుంటనే పోయింది."

"ఎందుకు? కేసు గెలిచినట్టే కదా!"

సమ్మయ్య వింతగా చూశాడు.

"మీకు తెల్వదా మేడం? జైలుకాడ రోజూ చూస్త గదా, ఆమె సుకుమార్ కన్నతల్లి."