పచ్చ రిబ్బను సీసా

“మీ పిండిలో పురుగులేమైనా ఉన్నాయా అక్కా?”

హైమవతి అడిగిన మాటకు ఇంటావిడ విద్యావతి ముఖం మాడిపోయింది.

“మా ఇంట్ల పురుగులా? నెలనెలా డబ్బాల చుట్టూ డి.డి.టి. చల్లిపిస్త. కిరాయికి దిగి నెల గాలేదు, గిట్ల అడుగుతున్నవేంది?”

అశోక్‌నగర్‌లో అప్పటికే మూడిళ్ళు అయ్యాయి. అందరిదీ అదే జవాబు, అదే డి.డి.టి.

తప్పంతా తనదే. గొడవలకు కాలేజీ మూసేయడంతో భర్త సుందరరావు తన పరిశోధన పురుగులను ఇంటికి తెచ్చుకున్నాడు. పెళ్ళయిన నాలుగో వారంలో వంటింటి అలమారులో పిండి పురుగుల సీసాలు రెండు చేరితే, హైమవతికి అదీ ముచ్చటగానే తోచింది. తన జడ రిబ్బన్లు తీసి ఒకదానికి ఎర్రది, ఒకదానికి పచ్చది కట్టింది. ఎర్ర రిబ్బనువి మొండివి. డి.డి.టి. పూసిన కాగితం మీద షికారు చేస్తాయి. పచ్చ రిబ్బనువి సుకుమారాలు. చిటికెడుకే చస్తాయి.

“మందు పురుగును మొండిదాన్ని చెయ్యదోయ్,” అనేవాడు సుందరరావు, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా. “వెయ్యిలో ఒకటి పుట్టుకతోనే మొండిది. మందుకు మిగతావి పోతాయి, అది మిగులుతుంది. ఇక పుట్టేవన్నీ దాని పిల్లలే. పొలంలో పత్తి పురుగైనా ఇంతే.”

రెండు సీసాలకూ వియ్యం కలిపితే, మనవల్లో నాలుగింట మూడు మొండివి, ఒకటి సుకుమారం. ఆ లెక్క నిలబడితే మొండితనం తాత నుంచి మనవడికి ఎలా దిగుతుందో తేలినట్టే. మూడేళ్ళ శ్రమ అది. మందు తగలని పురుగు ఊళ్ళో దొరకడం గగనమనీ, పచ్చ రిబ్బను సీసా పోతే థీసిస్ పోయినట్టేననీ అతను పదేపదే హెచ్చరించాడు.

ఆ శనివారం పొద్దున అతను లైబ్రరీకి వెళ్ళాక, సారె లడ్డూలకు చీమలు పట్టాయని హైమవతి అలమారంతా డి.డి.టి. చల్లింది. మధ్యాహ్నానికి పచ్చ రిబ్బను సీసాలో ఒక్కటీ కదల్లేదు. ఎర్ర రిబ్బనువి మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి. సోమవారం గైడు సూర్యనారాయణమూర్తి గారు పరీక్ష చూడ్డానికి వస్తున్నారు.

అందుకే ఖాళీ సీసా సంచిలో వేసుకుని ఈ తిరుగుడు. చిక్కడపల్లిలో రెండిళ్ళవాళ్ళు మొహం మీదే తలుపేశారు. నారాయణగూడలో కూరలమ్మే కురుమమ్మ మాత్రం నవ్వి, దోమలగూడ ఆశమ్మ దగ్గరికి పొమ్మంది.

“కోళ్ళు సస్తయని మందును గడప తొక్కనియ్యది.”

ఆశమ్మ కోళ్ళకు దాచిన పాత జొన్నపిండి డబ్బా నిండా పురుగులే. సుందరరావు కొన్న మొదటి చీరను చూసినప్పుడు కూడా హైమవతి కళ్ళు అంతగా మెరవలేదు. ఎందుకని ఆశమ్మ అడగలేదు. పురుగుల్ని జల్లెడ పట్టి సీసాలో వేసి, పిండి కాస్త ఎక్కువే పోసి, మూతికి పల్చని గుడ్డ కట్టి ఇచ్చింది.

“మూత బిగియ్యకు బిడ్డా. గాలి ఆడాలె.”

ఇన్ని గుమ్మాల్లో ఎందుకని అడగని మనిషి ఈమె ఒక్కతే అనుకుంటూ హైమవతి దండం పెట్టింది. దారిలో తనకు తనే బహుమతిగా మూర మల్లెపూలు కొనుక్కుంది. ఇంటికొచ్చి పచ్చ రిబ్బను కొత్త సీసాకు కట్టింది.

సోమవారం భోజనాల వేళకు, గైడు గారి ఎదుట మందు కాగితం మీద సుకుమారాలన్నీ చచ్చాయి, మొండివన్నీ తిరిగాయి. పోయినేటి లెక్కకూ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదనీ, ఇక థీసిస్ రాయడమే తరువాయనీ చెప్పి గైడు గారు వెళ్ళారు. సుందరరావు సాయంత్రం సినిమాకు బయల్దేరమన్నాడు. హైమవతి పైట కొస నలుపుతూ నిలబడింది.

“ఏవండీ, అవి మీ పురుగులు కావు. మీవి శనివారమే నా చేతిలో పోయాయి. వేరే ఇంటి పురుగుల లెక్క మీ థీసిస్‌లో రాయకండి.”

“ఎవరింటివి?”

“దోమలగూడలో ఆశమ్మ అని…”

సుందరరావు చప్పున గోడవైపు తిరిగాడు. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది.

“చెప్పులేసుకో. అక్కడికే పోదాం,” అన్నాడు ఇటు తిరగకుండానే.

దారి పొడుగునా అతను పెద్ద పెద్ద అంగలు వేశాడు. పాపం ఆ ముసలామెను ఏమంటాడోనని హైమవతి వెనకే పరుగులాంటి నడక నడిచింది.

ఆశమ్మ వాకిట్లో కోళ్ళకు నూకలు చల్లుతోంది. అలికిడికి తలెత్తి, హైమవతిని దాటి అతనివైపు చూసింది.

“మళ్ల సచ్చినయా, సారూ?”