పుక్కిలింత

సిద్దమ్మ ఇంట్లో కిరాయికి ఉన్న యోసేపుకు టీబీ ఉందని పక్కింటి పెంటమ్మ అన్నదట. ఆ మాటను కిష్టవ్వ మోసుకొచ్చి సిద్దమ్మ గడప ముందు దించింది.

"సోమారం సోమారం దవాఖానల దగ్గేటోళ్ల లైన్ల కూసుంటడట. పెంటమ్మ కండ్లార సూసిందట. నాకెందుకు తల్లీ, ఇన్నది చెప్పిన."

సిద్దమ్మకు వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది.

యోసేపు మెదక్‌లో ఆ గల్లీకి వచ్చి మూడు నెలలైంది. అరవై దాటిన ఒంటరి మనిషి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నల్లా దగ్గర నిలబడేవాడు. దమ్ముకు, అంటే ఉబ్బసానికి, వాడే ఇన్‌హేలర్ పంపు నోట్లో పెట్టుకుని గుంజేవాడు. కాసేపు ఊపిరి బిగబట్టేవాడు. తర్వాత చెంబెడు నీళ్లతో గడగడా పుక్కిలించి మోరీలో ఉమ్మేవాడు.

ఆ చప్పుడు గల్లీ అంతా వినబడేది.

అదీ సరిగ్గా సిద్దమ్మ వంటింటి కిటికీకి ఎదురుగా.

కిటికీ లోపల సిద్దమ్మ కోడలు సుమన. ఆమెకూ దమ్మే. రెండేళ్లుగా రెండు పూటలా పంపు గుంజుతోంది. గుంజి, మూత పెట్టి, పొయ్యి దగ్గరికి పోతుంది.

కొన్నాళ్లుగా ఆమెకు గొంతులో ఒకటే మంట. మాట బొంగురుపోయింది. హైదరాబాదు డాక్టరుకు చూపిద్దామంటే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపో గేటు దాటడం లేదు.

మీదికి బతుకమ్మ వచ్చిపడింది. ఆ గల్లీలో పాట ఎత్తేది ఏటా సుమనే.

"ఏం సిద్దక్కా, ఈయేడు బతుకమ్మకు కప్పతోని పాడిస్తవా?" అని పెంటమ్మ నవ్వింది.

ఆ మంటంతా సిద్దమ్మ ఆ సాయంత్రం నల్లా దగ్గర కక్కింది.

"యోసేపన్నా, నీ గడగడ బంద్ పెట్టు. ఐతారం లోపల రూము ఖాళీ చెయ్."

"ఏమైంది చెల్లె?"

"టీబీ మనిషిని ఇంట్ల పెట్టుకొని మేం బతకాల్నా, సావాల్నా?"

"టీబీ కాదు చెల్లె. పంపు గుంజినంక పుక్కిలిచ్చి ఉమ్మాలె. లేకుంటే మందు గొంతుకు పట్టి మండుతది, మాట పోతది. మీ సుమన బిడ్డకు గూడ జర చెప్పు..."

"ఆగాగు! నా కోడలు పంపు గుంజుడు నీకెట్ల ఎరుక? మగోనివి, ఆడోళ్ల కిటికీల నీకేం పని?"

యోసేపు చెంబు కింద పెట్టాడు.

గల్లీలో అప్పటికే నాలుగు తలకాయలు బయటికి వచ్చాయి. చెంబు అక్కడే వదిలి తన గదిలోకి పోయాడు.

ఐతారం దాకా ఆగలేదు. తెల్లారే ట్రంకుపెట్టె భుజాన వేసుకుని పోయాడు. ఎటు పోతున్నావని ఎవరూ అడగలేదు. అతడు నిలబడే చోట సిద్దమ్మ ఫినాయిల్ పోసి కడిగింది.

సుమన గొంతు మాత్రం నెమ్మళించలేదు. అన్నం మింగితే ముళ్లు మింగినట్టే ఉంది.

"మందు వేడి చేసిందే," అని తేల్చింది సిద్దమ్మ. "బతుకమ్మ అయ్యేదాక పంపు బంద్ పెట్టు."

"దమ్మొస్తే ఎట్ల అత్తమ్మా?"

"వచ్చిననాడు సూద్దం. ముందుగాల గొంతు రానియ్. పెంటమ్మ నోరు మూయించాలె."

పంపు తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఐదో రోజుకు సుమన గొంతు తేటపడింది.

సిద్దమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "సూసిన్రా? ఆ రోగిష్టోడు గడప దాటంగనే నా కోడలికి గొంతొచ్చింది!"

ఆ పగలు డిపో ముందర సమ్మె బతుకమ్మ ఆడారు. సుమన పాట ఎత్తింది. డ్రైవర్లు, కండక్టర్లు కూడా లేచి నిలబడి విన్నారు. పెంటమ్మ వంక చూసి సిద్దమ్మ కొంగు సవరించుకుంది.

రెండో పాట సగంలో సుమన చెయ్యి ఛాతీ మీదికి పోయింది. పాట ఆగింది.

చప్పట్లు ఇంకాసేపు మోగుతూనే ఉన్నాయి.

సుమన మొగుడు స్వామి ఆమెను ఆటోలో వేసుకుని దవాఖానకు ఉరికించాడు. రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నవాళ్లు మండే కట్టెల్ని పక్కకు గుంజి దారి ఇచ్చారు. డాక్టరు ఆక్సిజన్ పెట్టాడు, సూదుల మీద సూదులు వేశాడు.

"పంపు ఎప్పుడు ఆపారు?" అని అడిగాడు.

"ఐదు దినాలాయె సారూ," అన్నాడు స్వామి.

డాక్టరు ఆ మాట చీటీ మీద రాసుకున్నాడు.

మూడు గంటల తర్వాత సుమన మొహం మీదికి దుప్పటి లాగారు.

స్వామి కింద కూలబడ్డాడు. సిద్దమ్మ గోడకు తల బాదుకుంది.

"గాడే! ఆ యోసేపుగాడే! వాని రోగం నా కోడలికి అంటిచ్చి పోయిండు!"

కాగితం రాస్తున్న నర్సు కౌసల్య తల ఎత్తింది.

"ఏ యోసేపు? సోమారం సోమారం మా దగ్గరికొచ్చి కూసుండే పెద్దమనిషా?"

"గాడే. టీబీ రోగి."

"యోసేపుకు ఏ రోగం లేదమ్మా. గొంతు మండుతున్నదని పంపు బంద్ పెట్టి ఆయన పెండ్లాం ఈ వార్డుల్నే పోయింది. అప్పటిసంది పంపు గుంజేటోళ్లు ఎక్కడ కనబడ్డా, నోటితోని చెప్తె ఇంటలేరని, ఆమె ఖాళీ పంపు నోట్ల పెట్టుకొని వాళ్ల కండ్లముందట పుక్కిలిచ్చి చూపిస్తడు."