కుర్చీ చుట్టూ గాలి

గదిలో ఏసీ గాలి ఎటు పారుతుందో సెన్సర్లతో కొలిచి, ఆ అంకెలతో కంప్యూటర్ మీద ప్రవాహరేఖలు గీయడం ఆమె పని. ఆ రాత్రి ల్యాబ్‌లో ఒక్కతే కూర్చుని ఆ గదినే గీసింది. గీతలు సాఫీగా సాగి, మూలనున్న ఖాళీ కుర్చీ పైన, మనిషి తల ఉండాల్సిన ఎత్తులో, రెండుగా చీలి వెనక మళ్ళీ కలిశాయి.

అది పోయిన నెల కన్నుమూసిన గురువుగారి కుర్చీ. బొమ్మ వంకరపోయినప్పుడల్లా ఆయన లేచి వచ్చి, ఆమె వెనక నిలబడి, "అంకెల్లో అడ్డం, నిలువు తారుమారు చేశావేమో చూడమ్మా" అనేవారు. ఆ మాటకి ఆమెకు ఒళ్ళు మండేది. తీరా చూస్తే అదే తప్పయ్యేది.

అంకెలు సరిచూసింది. అడ్డం అడ్డంగానే ఉంది, నిలువు నిలువుగానే ఉంది. మళ్ళీ కొలిచి గీసింది. ఈసారి గీతలు మూల కుర్చీ మీదుగా తిన్నగా పోయాయి. ఆమె కుర్చీ వెనక చీలాయి.

ఏసీ హోరు ఆగలేదు. ఇందాకటి నుంచీ మెడకి తగులుతున్న చల్లగాలి మాత్రం ఆగిపోయింది.

ఆమె వెనక్కి తిరగలేదు. మెల్లగా అంది.

"చూశాను సార్. ఈసారి తారుమారు కాలేదు."