ఎడమవైపు కాయ

మార్చి పన్నెండు, మంగళవారం. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు కార్వాన్ బస్తీలోని ఒక కూలర్ల షెడ్డులో బాబురావు ఒక మనిషిని కొట్టాడు.

ఒకే దెబ్బ. పెదవి చిట్లింది.

ఆ మనిషికి యాభై దాటి ఉంటాయి. చేతిలో గుడ్డ సంచి ఉంది. పేరు ఎవరూ అడగలేదు.

షెడ్డులో బాబురావుతో కలిపి నలుగురు పని చేస్తారు. ఎండాకాలం చొక్కాలు విప్పేస్తారు. ఇనుప పట్టీకి రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లు మిషన్ వెనుక భాగాన్ని ఛాతికి ఆనించి ఒంటి బరువుతో నెడతారు. ఏళ్లు గడిస్తే అక్కడ చర్మం కాయ కాస్తుంది. నలుగురికీ ఉంది. అది లేనివాణ్ణి అక్కడ పనివాడని అనరు.

మిగతా ముగ్గురి కాయ చర్మం మీద ఉంది. బాబురావుది చర్మం కింద ఉంది.

ఆ మనిషి కూలర్ ధర అడగడానికి వచ్చాడు. బాబురావు ధర చెబుతుంటే అతని ఛాతి వైపు చూశాడు.

"తమ్మీ, గది ఎన్ని రోజుల సంది ఉన్నది?"

"ఏది?"

"ఎడమ దిక్కు గడ్డ."

"గడ్డ గాదు పెద్దమనిషీ, డ్రిల్లు కాయ. మా అందరికున్నది."

"కాయ అయితే చనుమొన లోపలికి గుంజుకపోదు. నొప్పి ఉన్నదా?"

"లేదు."

"గదే నా ఫికర్. ఒక్కసారి చెయ్యి పెట్టి చూస్త."

చెయ్యి చాపాడు. బాబురావు కొట్టింది అప్పుడే.

షెడ్డు యజమాని ప్రేమ్‌రాజ్ లోపలి నుంచి వచ్చాడు.

"ఏంది లొల్లి?"

"ఛాతి ముట్టుకుంటడట సేఠ్."

ప్రేమ్‌రాజ్ ఆ మనిషిని కిందికీ మీదికీ చూశాడు. "ఏ దవాఖాన దలాల్‌వయ్యా నువ్వు?"

"దలాల్‌ను గాదు సేఠ్. మొగోళ్లకు సుత రొమ్ము క్యాన్సర్ వస్తది. గది చెప్తున్న."

సాయికుమార్ అనే పనివాడు నవ్వాడు.

"బాబురావన్నా, రేపటి సంది జాకెట్ కుట్టించుకో!"

మిగతావాళ్లూ నవ్వారు. బాబురావు నవ్వలేదు.

ఆ మనిషి పెదవి తుడుచుకున్నాడు.

"ఎల్లుండి గురువారం తొమ్మిదింటికి పెద్ద దవాఖానకు రా తమ్మీ. స్కానింగు తారీఖు దొరకాలంటే నెలన్నర పడ్తది. నీకు ఎల్లుండే అయితది, నేను మాట్లాడుత. గేటు కాడ ఉంట."

"పోతవా, ఇంకోటి తింటవా?" అంటూ బాబురావు చెయ్యి ఎత్తాడు.

ఆ మనిషి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బాబురావు భార్య సుందరమ్మ బట్టలు ఉతుకుతూ బనియన్ ఎత్తి పట్టుకుంది.

"గిదేం మరక?"

"తుప్పు."

"తుప్పైతే బయట దిక్కు అంటాలె. గిది లోపట దిక్కున్నది."

బాబురావు బనియన్ లాక్కున్నాడు. ఆ మరక మూడు వారాలుగా వస్తోంది. ప్రతిసారీ తనే ఉతుక్కున్నాడు. ఆ రోజు మరిచిపోయాడు.

గురువారం తొమ్మిదింటికి బాబురావు షెడ్డులో ఉన్నాడు. పదకొండింటిలోపు పదహారు రంధ్రాలు వేశాడు. మిషన్‌ను కుడివైపు ఆనించి వేశాడు.

సాయికుమార్ అది చూశాడు. ఈసారి నవ్వలేదు.

శుక్రవారం ఆ మనిషి మళ్లీ వచ్చాడు. రోడ్డు అవతల నిలబడి రమ్మని చేత్తో సైగ చేశాడు.

"నీ దలాల్ వచ్చిండు," అన్నాడు ప్రేమ్‌రాజ్. షట్టర్ సగం దించాడు.

బాబురావు తల ఎత్తలేదు.

తర్వాత ఆ మనిషి కనపడలేదు.

మే రెండో వారంలో బాబురావు ఎడమ చంకలో ఇంకో గడ్డ తేలింది. అక్కడ డ్రిల్లు ఆనదు.

మే ఇరవై ఒకటిన సుందరమ్మ అతన్ని పెద్ద దవాఖానకు తీసుకెళ్లింది. గేటు దగ్గర బాబురావు ఆగి అటూ ఇటూ చూశాడు.

"ఎవల్ని దేవులాడుతున్నవ్?"

"ఒకాయన ఉంటనన్నడు."

"ఎప్పుడన్నడు?"

బాబురావు లోపలికి నడిచాడు.

డాక్టరు గది ముందు వరుసలో అందరూ ఆడవాళ్లే. ఒకామె జరిగి సుందరమ్మకు చోటిచ్చింది.

"ఎప్పటి సంది అక్కా నీకు?"

"నాకు గాదు. ఆయనకు."

ఆమె బాబురావు వైపు ఒకసారి చూసి, లేచి అతనికి చోటిచ్చింది.

డాక్టరు గడ్డ నొక్కింది. చంక నొక్కింది.

"ఎన్నాళ్లయింది?"

"ఏడాది అయితది మేడం."

డాక్టరు చీటీ రాసి కౌంటరుకు పంపింది.

కౌంటరులో స్కానింగు తారీఖులు రాసే ఉద్యోగి పేరు స్వరూప.

"పేరు?"

"బాబురావు. కార్వాన్."

స్వరూప రాయడం ఆపింది. "కూలర్ల షెడ్డు బాబురావా?"

"మీకెట్ల ఎర్క?"

"వేణుగోపాల్ సార్ చెప్పిండు. మార్చిల."

"సన్నగ ఉంటడు, గుడ్డ సంచి పట్టుకుంటడు, ఆయననేనా?"

"ఆయననే."

"ఇక్కడ డాక్టరా?"

"కాదు."

"మరి ఇక్కడ పని చేస్తడా?"

"ఏ పని లేదు. మొగోళ్లు ఎవరన్న సిగ్గుపడి బయట్నే నిలబడితే చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చేటోడు. పక్కన కూసుండేటోడు."

"ఇప్పుడు ఏడుంటడు మేడం? మాఫీ అడగాలె."

"ఏప్రిల్ ఇరవై ఏడున చనిపోయిండు."

సుందరమ్మ భర్త మొహం చూసింది.

స్వరూప కింది అర నుంచి పాత రిజిస్టర్ తీసింది. మార్చి పద్నాలుగు, గురువారం పేజీ తిప్పి, ఒక వరుస మీద వేలు పెట్టింది.

తొమ్మిది గంటల స్కానింగుకు 'వేణుగోపాల్, 56, రొమ్ము క్యాన్సర్, తిరగబెట్టింది' అని ఉన్నదాన్ని కొట్టేసి, దాని పైన 'బాబురావు, కార్వాన్' అని, పక్కన ఎర్ర సిరాతో 'రాలేదు' అని రాసి ఉంది.