దగ్గని గొంతు

"ఒక మనిషికి మూడు తలకాయలు మొలిచినయ్యా ఏందయ్యా?"

యలమందయ్య మూడు రెజ్యూమేలనూ టేబుల్ మీద పరిచి అరచేత్తో చరిచాడు. గుంటూరు శివార్లలో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆయనది. ఖాళీ ఒక్కటే, క్వాలిటీ సూపర్‌వైజర్. ఎదురుగా ముగ్గురు: నజీర్, ఏసుబాబు, గుల్షన్. మూడు కాగితాల్లోనూ మొదటి వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఒకటే. "మిర్చి ఘాటుకు దగ్గని గొంతు, గింజ మోత విని తేమ చెప్పే చెవి."

పక్కన కూర్చున్న మేనేజర్ జయపాల్‌కు ఏసీలోనూ చెమట పట్టింది. ఆ వాక్యం పుణ్యమా అనే అతను నాలుగేళ్ల కిందట ఈ కుర్చీ ఎక్కాడు. అంతకుముందు అమ్మింది సెల్‌ఫోన్ కవర్లు. 'మెరుపు రెజ్యూమేస్' అనే నంబరుకు ఫొటో, వివరాలు వాట్సాప్‌లో పంపితే మర్నాటికి ఆ ఆణిముత్యం తయారై వచ్చింది. రాసినవాళ్ల మొహం అతను చూడనే లేదు.

"మొన్న నువ్వు తీసుకున్నోడూ ఇదే మాటతో వచ్చాడు. పచ్చికాయను ఎండుకాయేనని చెప్పి లోపల పెట్టించాడు. గదంతా బూజు!" యలమందయ్య నుదురు రుద్దుకున్నాడు. "అంతకుముందు కూడా ఎక్కడో చదివానయ్యా ఈ మాట. ఎక్కడబ్బా?"

"వాట్సాప్‌లో తిరుగుతుంటదండి ఇట్టాంటిది" అన్నాడు జయపాల్ తడుముకోకుండా. "అసలు ఈ రాసేవాళ్లను లోపలేయించాలండి. ముందు వీళ్లను పంపించేద్దాం."

గుల్షన్ అతని మొహం వంక కన్నార్పకుండా చూస్తోంది. మేనేజర్ అంటే ఆ మాత్రం ఉంటుంది మరి అనుకుని అతను టై సర్దుకున్నాడు.

"పంపించేదేంది? ముగ్గుర్లో ఒకరన్నా అసలు సరుకు ఉండొచ్చు. పదండి గోడౌన్‌కి."

గోడౌన్‌లో యలమందయ్య తేజ రకం మిర్చి బస్తాలు బోర్లింపించి, కూలీల చేత పారలతో తిరగేయించాడు. గుప్పున ఘాటు లేచింది. నజీర్‌కు ముందు దగ్గు, ఆ వెనకే నిజం వచ్చాయి. "నేను దుప్పట్లు అమ్ముకునేవాణ్ణండీ!" అంటూ బయటికి పరుగెత్తాడు. ఏసుబాబు ఊపిరి బిగబట్టాడు. మొహం కాయ రంగుకొచ్చింది. అంతే, గుమ్మం దగ్గర నజీర్‌ను దాటేశాడు.

జయపాల్ ఇలాంటప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు. మోగని ఫోన్ చెవికి ఆనించి, "హలో, సిగ్నల్ లేదు సార్" అంటూ బయటికి జారుకున్నాడు. నాలుగేళ్లుగా అతని ఊపిరితిత్తుల్ని కాపాడుతున్నది ఆ ఫోనే.

గుల్షన్ మాత్రం కుప్ప మధ్యలో నిలబడి, ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. "దీనికింకా ఎండ కావాలండి. గింజ మోగట్లా."

యలమందయ్య కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "అయితే ఆ గొంతు నీదేనమ్మా! మరి నీ మాటను వాళ్లెట్టా కొట్టేశారు?"

"కొట్టేయలేదండి. నేనే రాసిచ్చా."

"నువ్వా?"

"మిర్చి యార్డులో కాయ ఏరి పెరిగినదాన్నండి. ఉన్నదున్నట్టు రాసుకుని ఎక్కడికెళ్లినా పొమ్మన్నారు. కంప్యూటర్ నేర్చుకుని రెజ్యూమేలు రాసే పని పెట్టుకున్నా. వచ్చేవాళ్లకు చెప్పుకునే అనుభవం ఉండదు. నాకుంది గదా అని సోకు చేసి అదే పెట్టేదాన్ని. నా అనుభవంతో ఊళ్లో అందరికీ ఉద్యోగాలొచ్చినయ్యండి, నాకు తప్ప."

గుమ్మం బయట జయపాల్ ప్రాణం లేచొచ్చింది. దొంగ దొరికింది! ఇక తన కాగితం జోలికి ఎవరొస్తారు? ఫోన్ జేబులో పడేసి ఒక్క అంగలో లోపలికి దూకాడు.

"విన్నారా అండీ! మోసం! పోలీసులకు ఫోన్..."

తరవాతి మాట రాలేదు. దగ్గు వచ్చింది. ఆగని దగ్గు. కూలీలు పారలు ఆపి మేనేజర్ గారిని మొదటిసారి గోడౌన్‌లో చూస్తున్నారు. యలమందయ్య కూడా చూశాడు. ఆయన నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"అమ్మాయ్" అన్నాడు, చూపు జయపాల్ మీద నుంచి తిప్పకుండా. "ఈ మాట మొట్టమొదట ఎవరికి రాసిచ్చావ్?"

గుల్షన్ చేతిలో కాయను కుప్ప మీదికి విసిరింది.

"ఫొటో కూడా నేనే అతికించానండి, మర్చిపోతానా? ఇదిగో, ఈ జయపాల్ గారికే!"